పొగ రాని బండి

ఎనిమిది నెలలపాటు నా షాపులో ఒక బండి మీద దుప్పటి కప్పి ఉంచాను. ఏమైందని ఎవరైనా అడిగితే దానికి జ్వరమొచ్చిందని చెప్పేవాణ్ణి. నిజానికి బండికి ఏ రోగమూ లేదు. పట్టింపు నాకూ, ఆ బండి నడిపే మనిషికీ.

నా షాపు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఉండేది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, స్కూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పాత రేసు బండ్లు నా పిచ్చి. ఆ మనిషి గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిల వ్యాపారి. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నేను సేటు అనేవాణ్ణి, అతను నన్ను మేస్త్రీ అనేవాడు. ఇరవై ఏళ్లలో ఒకరి పేరు ఒకరం పలికిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బండి ఎర్ర ట్యాంకు టూ స్ట్రోక్. మట్టి ట్రాక్ మీద పరుగెత్తడానికే పుట్టింది కాబట్టి దానికి లైటూ లేదు, హారనూ లేదు. స్టార్ట్ చేస్తే సందులో వాళ్లంతా కిటికీలు మూసుకునేవాళ్లు. కాగితాల మీద సేటుది. కానీ పదిహేనేళ్లుగా నా దగ్గరే ఉంది. దాని బోల్టు ఒక్కటి కూడా నా చెయ్యి తగలనిది లేదు. "కన్నది ఆయన, సాదింది నువ్వు" అని నా భార్య ఎగతాళి చేసేది.

ఈ రకం బండికి ఒక గుణం ఉంది. ఇంజన్‌లో ఆయిల్ విడిగా ఉండదు, పెట్రోల్లోనే కలిపి పోయాలి. రేసులకైతే ఆముదంతో చేసిన ఆయిల్ వాడేవాళ్లం. అందుకే ట్రాక్ దగ్గరికి వెళ్తే మా అమ్మ నా తలకు రాసిన రోజులు గుర్తొచ్చే వాసన ఉండేది. ఆ ఆయిల్ కలపకపోతే లోపల పిస్టన్ ఎండిపోయి ఒక్కసారిగా పట్టేస్తుంది. వెనక చక్రం బిగుసుకుపోతుంది. నడిపేవాడు ఎక్కడ పడతాడో, ఎలా పడతాడో చెప్పలేం.

అందుకని మా ట్రాక్ మీద ఒక ఆచారం ఉండేది. ఆయిల్ కలపడం మేస్త్రీ పని, నడిపేవాడు దాన్ని ముట్టుకోడు. కానీ బండెక్కే ముందు నడిపేవాడు ట్యాంకు మూత తీసి, చూపుడు వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూడాలి. జిడ్డు తగిలితే తల ఊపుతాడు, అప్పుడు మేస్త్రీ మూత బిగిస్తాడు. దీన్ని వేలు తడపడం అనేవాళ్లం. సొంత అన్నదమ్ములైనా సరే, వేలు తడపకుండా బండెక్కడం నేను చూడలేదు.

మా మాటలు ఆగిపోయింది తెలంగాణ ఉద్యమం వల్ల అంటే ఉద్యమానికి అన్యాయం చేసినట్టు. మా నోళ్ల వల్ల ఆగిపోయాయి. ఒక రోజు షాపులో టీ తాగుతూ, టీవీలో ఏదో గొడవ చూస్తూ, సేటు అన్నాడు: "మేం రాకముందు ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏముంది మేస్త్రీ? రాళ్లు, ముళ్లకంపలు."

"మేమున్నం సేటూ" అన్నాను.

అక్కడితో ఆపినా సరిపోయేది. అతను నవ్వాడు. నాకు ముక్కు మీద కోపం, చేతిలో పానా ఉంది. గోడకేసి కొట్టాను. "రేపటి సంది నా షాపు మెట్లెక్కకు. నీ బండి నువ్వు తీస్కపో" అని అరిచాను. సేటు గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. బండి తీసుకుపోవడానికి ఎవర్నీ పంపలేదు. నేనూ పంపించెయ్యలేదు. దుప్పటి కప్పాను.

ఎనిమిది నెలల తర్వాత ట్రాక్ పెద్దాయన నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద అంబర్‌పేట్ దాటాక ఆయన పొలంలో గుండ్రంగా చదును చేసిన ఎర్రమట్టి ట్రాక్ అది. రింగ్ రోడ్డు వచ్చాక ఆ చుట్టుపక్కల భూమంతా ప్లాట్లయిపోతోంది. ఆయన కొడుకులు కూడా అమ్మేశారు.

"వచ్చే ఆదివారం ఆఖరు. పొద్దుగాల పూజ, పన్నెండు లోపల అన్ని పాత బండ్లు మూడేసి రౌండ్లు కొడతయి. ఒంటిగంటకు జేసీబీ దిగుతది" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు: "బండికి ఇద్దరు రావాలె. నడిపేటోడు, మేస్త్రీ. ఒక్కడే వస్తే లైను మీద నిలబెట్టనియ్య. సేటుకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నువ్వే చెప్పు పెద్దాయనా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ దుప్పటినే చూస్తూ కూర్చున్నాను. మేమిద్దరం కలిసి నిలబడటానికి మిగిలిన చోటు అదొక్కటే. ఆ ఆదివారం గనక మాట కలవకపోతే, ఇక ఏ సాకుతో కలుస్తుంది? బండి చివరి పరుగు అని అందరూ బాధపడుతున్నారు. నాకు బండి గురించి బాధ లేదు. సేటు నాకు కాకుండా పోతాడని భయం వేసింది. ఆ భయాన్ని ఎవరితోనైనా చెప్పాలంటే మొహం చెల్లలేదు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోల్లో ఉన్నాయి, స్కూళ్లు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఆ ఆదివారమే ఎల్బీనగర్‌లో రాస్తారోకో, రోడ్డు మీద వంటావార్పు. అంతకు ముందు వారం నేను కూడా అక్కడ కూర్చుని ఉల్లిగడ్డలు తరిగినవాణ్ణే. పెట్రోల్ బంకులు తెరవరని తెలుసు కాబట్టి ముందే తెచ్చి పెట్టుకున్నాను. పొద్దున్నే షాపులో కొలిచి ఆయిల్ కలిపి, ఐదు లీటర్ల క్యాన్‌లో పోసి, చేతులు నొప్పెట్టేదాకా కుదిపాను. సీలు తీయని ఇంకో ఆయిల్ సీసా సంచిలో వేసుకున్నాను.

ట్రాలీ ఆటోలోకి బండిని ఎక్కించి తాళ్లు బిగిస్తుంటే నా భార్య వచ్చి నిలబడింది.

"ఆయనతోని మాట్లాడు. బండి కోసం కాదు, మా కోసం. ఎనిమిది నెలల సంది ఇంట్ల అందరి మీద అరుస్తున్నవ్."

"ఆయన మాట్లాడితే మాట్లాడ్త."

"ఆయనింట్ల ఆమె గూడ గదే అంటుండొచ్చు" అని లోపలికి వెళ్లిపోయింది.

చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. హాస్టల్ బాల్కనీల్లో పిల్లలు నిలబడి ఖాళీ రోడ్డును చూస్తున్నారు. ఎల్బీనగర్ దగ్గరికి రాగానే పోలీసులు ఆపారు. ఒక కానిస్టేబుల్ ట్రాలీలోకి తొంగి చూశాడు.

"క్యాన్‌ల ఏముంది?"

"పెట్రోల్ సార్. రేసు బండికి."

"దించు."

నాకు తిక్క రేగింది. ఇయ్యాల ఒక్కరోజే సార్, ట్రాక్ మూసేస్తున్నరు సార్, నేనూ తెలంగాణోన్నే సార్ అంటూ గొంతు పెంచాను. అతను గొంతు పెంచలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "మొన్న గీడనే ఒక పిలగాడు మీద పోస్కున్నడు. దుప్పటి కప్పింది నేనే. ఆ వాసన ఇంక నా ముక్కులకెళ్లి పోలే. క్యాన్ దించన్నా."

క్యాన్ దించాను.

పోలీసులను దాటితే మనవాళ్లు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గిన్నెలు, పక్కన డప్పులు. తెలిసిన ముఖాలే. మా కాలనీలో కిరాణా కొట్టు నడిపే పెద్దమనిషి గరిటె పట్టుకుని వచ్చి బండిని చూశాడు.

"ఇది గా పండ్ల సేటు బండి కదనే?"

డప్పు కొట్టేవాళ్లు చేతులు ఆపి నా వైపు చూశారు. ట్రాలీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

"నాది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తెలిసిపోయిందని నాకు తెలుసు. "సరే, బువ్వ తిని పో" అన్నాడు. ఆకులో వేడి వేడి కిచిడీ పెట్టాడు. వేళ్లు కాలుతున్నా గబగబా మింగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కిచిడీ వేడికే అనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ట్రాక్ చేరేసరికి పదకొండున్నర దాటింది. లోపల అప్పటికే హద్దు రాళ్లు పాతేశారు. తెల్ల సున్నం పూసి నల్ల రంగుతో ప్లాట్ నంబర్లు. ట్రాక్ అవతల చెట్టు కింద పసుపురంగు జేసీబీ ఆగి ఉంది, దాని డ్రైవర్ నీడలో పడుకున్నాడు. లైను మీద పాత బండ్లు తొమ్మిది, చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిళ్లకు బంతిపూలు. ఒకప్పుడు గాలిలో లేచిన మనుషులు ఇప్పుడు పొట్టలు వేసుకుని, మోకాళ్లు పట్టుకుని, తోలు జాకెట్లలో ఇరుక్కుని నిలబడ్డారు. అప్పటికే రెండు మూడు బండ్లు తిరిగాయి. ఆముదం పొగ తెల్లగా ట్రాక్ మీద తేలుతోంది.

సేటు తన కారు పక్కన నిలబడి ఉన్నాడు. వెంట బావమరిది. నేను బండి దించుతుంటే సేటు వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం ఒక్క మాట లేకుండా బండిని నేల మీద పెట్టాం. మనిషి సన్నబడ్డాడు. అడగాలనిపించింది. అడగలేదు.

"పోలీసులు పెట్రోల్ గుంజుకున్నరు" అన్నాను, బండి వైపు చూస్తూ, అతనికి కాదన్నట్టు.

అతను తల ఊపి ఎటో వెళ్లాడు. నేను ప్లగ్గు తీసి తుడిచి పెట్టాను. చైన్ చూశాను. ఇంతలో పెద్దాయన కేకేశాడు: "మేస్త్రీ, నీ బండి కొబ్బరికాయ నువ్వే కొట్టాలె, రా." వెళ్లి కొట్టి, కుంకుమ తీసుకుని వచ్చేసరికి బండి ట్యాంకు నిండుగా ఉంది. పక్కన ఖాళీ క్యాన్ ఉంది.

ఇక్కడ నేను ఏమనుకున్నానో దాచకుండా చెప్తాను. సేటు పక్క బండి వాళ్ల దగ్గర కలిపిన పెట్రోల్ అడిగి తెచ్చి పోశాడనుకున్నాను. చుట్టూ అందరి దగ్గరా అదే ఉంది, గాలంతా ఆ వాసనే. ఒక్క మాట అడిగితే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట నాది కావడానికి మనసొప్పలేదు. కుంకుమ ట్యాంకు మీద పెట్టాను.

మా బండి వంతు వచ్చింది. సేటు హెల్మెట్ చంకలో పెట్టుకుని లైను మీదికి వచ్చాడు. ట్యాంకు మూత తిప్పి తీశాడు. చూపుడు వేలు చాచాడు. అప్పుడు నా ముఖంలోకి చూశాడు. నేనూ చూశాను. చుట్టూ అటువాళ్లూ ఇటువాళ్లూ నిలబడి మమ్మల్నే చూస్తున్నారు, మా సంగతి అక్కడ తెలియనివాళ్లు లేరు. సేటు వేలు ముడిచాడు. మూత నా చేతిలో పెట్టాడు.

నా ఒళ్లు పులకరించింది. మాట లేకపోయినా నమ్మకం పోలేదన్నమాట అనుకున్నాను. మూత బిగించాను. కిక్ కొట్టాను. రెండో కిక్‌కే లేచింది. ఆ చప్పుడుకు ముసలివాళ్లంతా ఈలలు వేశారు.

మొదటి రౌండులో సేటు నెమ్మదిగానే వెళ్లాడు. రెండో రౌండుకు వయసు మర్చిపోయాడు. వంపు దగ్గర కాలు నేలకు ఆనించి, మట్టి చిమ్ముతూ, వెనక చక్రం పక్కకు జారనిస్తూ తిరిగాడు. నేను గొంతు పోయేలా అరిచాను. పక్కన నిలబడ్డ ఇంకో మేస్త్రీ నా భుజం తట్టాడు.

"ఏం ట్యూనింగ్ చేసినవన్నా! మా బండ్లన్నీ పొగ గొట్టాలు. నీది చూడు, వెనక కొంచెం గూడ పొగ లేదు!"

నేను ఛాతీ విరుచుకున్నాను. రెండు క్షణాలు.

తర్వాత ట్రాక్ వైపు మళ్లీ చూశాను.

పొగ లేదు. ఆయిల్ ఉంటే పొగ ఉండాలి. సంచి లాగి చూశాను. ఆయిల్ సీసాకు వేసిన సీలు వేసినట్టే ఉంది. "సేటుకు పెట్రోల్ ఎవరిచ్చిన్రు? మీరేనా?" అని అరిచాను. ఎవరో అన్నారు: "మేమియ్యలే. ఆయన కారులకెళ్లే పైపేసి తీస్కుండు."

కారులోది. ఉత్త పెట్రోల్.

ట్రాక్‌లోకి పరిగెత్తాను. హద్దు రాయి తగిలి మోకాలు పగిలింది, లేచి మళ్లీ పరిగెత్తాను. ఎడమ చెయ్యి పైకెత్తి క్లచ్ పట్టినట్టు పిడికిలి మూస్తూ తెరుస్తూ, "క్లచ్! సేటూ, క్లచ్ పట్టు!" అని అరిచాను. క్లచ్ పడితే పిస్టన్ పట్టేసినా చక్రం బిగుసుకోదు. ఆ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. అతను అవతలి వంపులో ఉన్నాడు. ఇంజన్ గొంతు మారడం నాకు తెలిసింది. సన్నగా, పొడిగా, కీచుమంటూ. ఇరవై ఏళ్లు విన్న చెవులు, తెలియకుండా ఎలా ఉంటుంది? ఇంకో వంద గజాలు వస్తే నన్ను చూస్తాడు.

రాలేదు. చప్పుడు తెగిపోయింది. వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డం తిరిగింది. సేటు ఎడమ భుజం మీద పడి, దొర్లి, ఒక హద్దు రాయికి తగిలి ఆగాడు.

నేను చేరేసరికి కళ్లు తెరిచే ఉన్నాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది. హెల్మెట్ తీయబోయాను. వెనక నుంచి ఎవరో కాలర్ పట్టి లాగారు. సేటు బావమరిది. ఒక చేతిలో నా సంచిలోని సీసా ఉంది.

"సీలు కూడా తియ్యలేదు! కావాలనే చేశావ్ కదరా! మా బావని చంపుదామనే వచ్చావా? మీరందరూ ఇంతే!"

"మీరందరు అంటే ఎవర్రా?" అని మా వైపు నుంచి ఒకడు ముందుకొచ్చాడు. వాడి చేతిలో పానా. అటు నుంచి ఇంకో ఇద్దరొచ్చారు. క్షణం ముందు కలిసి ఈలలు వేసిన మనుషులు రెండు వరసలుగా విడిపోయారు. మధ్యలో సేటు పడి ఉన్నాడు. ఎవరు ముందు చెయ్యి లేపుతారా అన్నట్టుంది. పెద్దాయన ఆగండ్రా అని అరుస్తున్నాడు, వినేవాళ్లు లేరు.

"వాణ్ణి వదులు" అన్నాడు సేటు.

గొంతు బలహీనంగా ఉన్నా అందరూ ఆగారు.

"పెట్రోల్ పోసింది నేను. ఆయిల్ కలపడం మర్చిపోయింది నేను. మేస్త్రీ అప్పుడు కొబ్బరికాయ కొడుతున్నాడు. వాడికి తెలీదు. వదలండి."

అక్కడున్నవాళ్లలో సగం మంది పాతికేళ్లుగా ఈ బండ్లతో బతికినవాళ్లు. కలపడం ఎవరి పనో వాళ్లకు తెలియదా? తెలుసు. సేటు చెప్పాడు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. బావమరిది నా కాలర్ వదిలాడు. పానా కిందికి దిగింది. అందరి చూపూ నా మీద ఉంది, నేను ఏమంటానా అని.

నేను ఏమీ అనలేదు. భయపడ్డాను. కలపడం నా పనే అంటే అక్కడ ఏం జరుగుతుందో అని భయం. తెలంగాణ మేస్త్రీ ఆంధ్ర సేటు బండికి ఆయిల్ లేకుండా చేశాడన్న మాట దిల్‌సుఖ్‌నగర్ చేరితే ఇంకేం అవుతుందో అని భయం. ఈ రెండూ నిజమే. కానీ వాటి కింద ఇంకోటి ఉంది. మేస్త్రీగా నా పేరు పోతుందని భయం. అన్నిటికంటే ముందు కదిలింది అదే.

సేటును కారు వెనక సీటులో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను. బావమరిది నడిపాడు. ఎల్బీనగర్‌లో మళ్లీ జనం ఆపారు. నేను దిగి కిరాణా పెద్దమనిషి చేతులు పట్టుకున్నాను. ఆయన కారులోకి చూశాడు. అటూ ఇటూ కేకలేసి, గిన్నె దింపించి, కాలుతున్న పొయ్యి రాళ్లను కర్రలతో జరిపించి దారిచ్చాడు.

దవాఖానలో భుజానికి కట్టు కట్టారు. బావమరిది మందుల కోసం వెళ్లాక ఇద్దరమే మిగిలాం.

"ఎందుకట్ల చెప్పినవ్ సేటూ?"

"నువ్వు కొబ్బరికాయ కొట్టి వచ్చాక కలిపావనుకున్నా మేస్త్రీ. వేలు తడిపి చూద్దామనే మూత తీశా. అంతమంది చూస్తున్నారు. ఇన్ని నెలల తర్వాత, అందరి ముందూ, నీ మీద అనుమానం ఉన్నట్టు ఏం బావుంటుంది?"

"నేనేమో నువ్వు కలిపిందే తెచ్చినవనుకున్న. అడుగుదామంటే నోరు రాలే."

"అడిగితే ఏమయ్యేది?"

"మాట్లాడినట్టయితుండె."

సేటు నవ్వబోయి, భుజం కలుక్కుమని మూలిగాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆయన చూడనట్టు పడుకున్నాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ట్రాక్ ఉన్నచోట మూడంతస్తుల ఇళ్లు లేచాయి. సేటు ఎక్కడికీ పోలేదు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు, చొక్కా వేసుకోవాలంటే ఇంకొకరు సాయం పట్టాలి. చెయ్యికేమైందని కొత్తవాళ్లు అడిగితే హుషారుగా చెప్తాడు: "ఇరవై ఏళ్లు నడిపి, ఆఖరి రోజు ఆయిల్ కలపడం మర్చిపోయిన తెలివైనవాణ్ణి నేనే!" నా షాపులో, నా ముందే చెప్తాడు. విన్నవాళ్లు పడీ పడీ నవ్వుతారు. టీ గ్లాసు పట్టుకుని నేనూ నవ్వుతాను. ఒకసారి సరిచెయ్యబోతే మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. పాత రేసు బండ్లవాళ్లు ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఆ మేస్త్రీ చెయ్యి పడితే ఇక చూసుకోనక్కర్లేదని ఒకరితో ఒకరు చెప్పుకుంటారట.

వాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను. సేటుకు కోపం వస్తే రానీ. ఆ రోజు ఆయిల్ కలపాల్సింది నేను.